బూడిద దొర

మొదటి భాగంలో అతను పదహారు చుక్కల మనిషి.
ముఖం లేదు. ఎర్ర గళ్ళు, పైన నల్ల గళ్ళు,
నడిస్తే గొంగళిపురుగు మెట్లెక్కినట్టుండేది.
పెట్టె మీద పేరేదో రాసుండేది, మాకు చదవడం రాలేదు.
చచ్చినప్పుడల్లా బూడిదై రాలిపోతాడు గనక
"ఈడు బూడిద దొర్రా" అన్నాడు ఢిల్లేసు.
కాశీబుగ్గంతా ఇక అదే పేరు.

గంటకి ఆరు రూపాయలు.
జీడిపిక్కలు వలిచొచ్చిన వేళ్ళు, నల్లగా, తోలు లేచిపోయి,
బటన్లకి అంటుకునేవి.
నా రిమోట్లన్నీ జీడి కంపు చేసేశార్రా అని తిట్టేవాడు ఢిల్లేసు,
తిడుతూనే గోడ గడియారం వైపు చూడ్డం మానేసేవాడు.

ఏడో కోట. ఆఖరి తలుపు.
దొర అటు తిరిగి నిలబడి ఉంటాడు.
మనం లోపలికి అడుగుపెట్టగానే మెల్లగా ఇటు తిరిగి
ఒకే ఒక్క మాట అంటాడు. తెల్లటి అక్షరాల్లో కింద పడేది.
పది తప్పిన ఫాల్గుణ ఎక్కడిదో డిక్షనరీ తెచ్చి
రెండ్రోజులు కూచుని తేల్చాడు:
"ఆలస్యమైంది నీకు."

చంపేసేవాళ్ళం. చంపేసి పుల్లైసు కొనుక్కునేవాళ్ళం.
రెండో భాగంలో మళ్ళీ వచ్చాడు, కోటూ, నెత్తిన ఓ కొమ్మూ.
మూడో దాంట్లో గొంతు. నాలుగో దాంట్లో గుర్రం.
ఐదో దాంట్లో, ఎవరడిగారో ఏమో, చిన్నతనం పెట్టారు:
వాన, కాలిన ఇల్లు, వదిలేసి వెళ్ళిన తల్లి.
ఢిల్లేసు లేచి టీవీకి అడ్డంగా నిలబడ్డాడు.
"ఒరే, ఇంత కష్టంలో పెరిగినోలు
మా ఈదిలో ఇంటికొకడున్నాడు.
కోటెక్కి కూకున్నాడేటి ఎవుడైనా?"

నేను చెప్పాలనుకున్నది ఇది కాదు.
ఆ ఆటలో హీరో పేరు నాకిప్పుడు గుర్తులేదు.
వాడికి అప్పుడూ పదహారేళ్ళే, ఇప్పుడూ పదహారేళ్ళే,
జుట్టు రంగు మారుస్తారంతే.
ముసలాడైంది దొర.
ఎడమ కంటి మీది గాటు మూడో భాగంలో నేను పెట్టింది,
ఎండాకాలం సెలవుల్లో, మిట్టమధ్యాహ్నం.
తర్వాత ఎవరూ దాన్ని చెరపలేదు.
ఏడులో గెడ్డం నెరిసింది.
తొమ్మిదిలో, ఇటు తిరగడానికి కాస్త ఎక్కువసేపు పడుతోంది.
నాకూ అంతే, మోకాలు.

తిత్లీ వచ్చిన రాత్రి
గాలి కేకలు వినలేక ఎనిమిదో భాగం పెట్టుకు కూచున్నాను.
దొర ప్రాణం గీత వెంట్రుక మందాన మిగిలింది.
కత్తి ఎత్తాను.
కరెంటు పోయింది.
పద్దెనిమిది రోజులు పోయింది.
తెల్లారేసరికి జీడితోటలు వేళ్ళు ఆకాశానికి పెట్టుకుని పడున్నాయి,
మా మావయ్య ఏ చెట్టు తనదో తెలీక తోటలో తిరుగుతున్నాడు.
నీళ్ళ లారీ దగ్గర బిందె పట్టుకు నిలబడి
సిగ్గు లేకుండా చెబుతున్నా, వాడి గురించే ఆలోచించాను:
ఎత్తిన కత్తి కింద, చీకట్లో,
ఆ ఒక్క వెంట్రుకతో ఎలా ఉన్నాడో.
కరెంటొచ్చాక మళ్ళీ మొదటి కోట నించి ఆడుకుంటూ వెళ్ళాను.
తిరిగాడు. ఆలస్యమైంది నీకు, అన్నాడు.
ఔనయ్యా, అన్నాను టీవీతో.

ఢిల్లేసు కొట్లో ఇప్పుడు సెల్లు కవర్లు అమ్ముతున్నారు.
ఫాల్గుణ సోమ, బుధ, శుక్రవారాలు
ఉద్దానం నించి పలాస ఆసుపత్రికొస్తాడు.
నాలుగ్గంటలు. మిషను వాడి రక్తాన్ని తీసుకుని, కడిగి, తిరిగిస్తుంది.
సూదులు ఎడమ చేతికి. అందుకని ఫోను నేను పట్టుకుంటాను,
ఎడమవైపు బటన్లు నావి, కుడివైపువి వాడివి.
నడిపించేది నేను, నరికేది వాడు.
పదకొండో భాగం.

నిన్న ఏడో కోట దాకా వచ్చాం.
దొర చాలాసేపు తీసుకుని ఇటు తిరిగాడు,
ఆ మాటే అన్నాడు.
ఫాల్గుణ బొటనవేలు కత్తి మీదే ఉంది. నొక్కలేదు.
ఊపిరి తీసుకుని, పక్క మంచం ముసలాయన కూడా వినేట్టు,
"బస్సు దొరకలేదురా బావూ," అన్నాడు.